పక్క సీటు బ్రేకు

"బ్రేక్! బ్రేక్ తొక్కండి డాక్టర్ గారూ!"

డాక్టర్ గారు తొక్కరు!

రెండు కాళ్ళూ పైకి లాక్కున్నారు. ఇంకాస్త ఉంటే సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చునేలా ఉన్నారు.

అప్పుడే కమ్ముకున్న చీకటి. తుంపర. దిగుడు రోడ్డు.

ఎదురుగా లారీ… రివర్సులో… వెనక్కి… ఇంకా వెనక్కి!

పక్క సీట్లో టీచరమ్మ కాలు దానంతట అదే దిగుతుంది. డ్రైవింగ్ స్కూలు కారు ఇది. నేర్చుకునేవాళ్ళకి ఒక బ్రేకు, నేర్పేవాళ్ళకి ఒక బ్రేకు. నేర్చుకునేవాళ్ళు కాళ్ళు మడుచుకుని కూర్చున్నా నేర్పేవాళ్ళు ఆపగలరు.

పెడల్ మెత్తగా నేలకి ఆనుతుంది.

కారు ఆగదు!

మళ్ళీ తొక్కుతుంది. ధన్! ధన్! పెడల్ దిగుతోంది, లేస్తోంది. కారు మాత్రం తన దారిన తాను పోతోంది.

"అమ్మో…" డాక్టర్ గారు కళ్ళు మూసుకున్నారు.

మూసుకోక ఏం చేస్తారు? ఊరందరి నోళ్ళూ తెరిపించే పళ్ళ డాక్టరు. తన నోరు తెరవాల్సి వచ్చేసరికి కళ్ళు మూతపడ్డాయి.

టీచరమ్మ చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద పడుతుంది. బలంకొద్దీ లాగుతుంది!

టైర్లు కీచుమంటాయి. కారు వెనక భాగం పక్కకి జారుతుంది. జారి… జారి… ఆగుతుంది.

లారీ బంపరుకీ కారు ముక్కుకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు.

"ఆగిందాండీ?"

"ఆగింది. కళ్ళు తెరవండి."

"నేనే ఆపానా?"

"కాదు."

డాక్టర్ గారు నుదురు తుడుచుకుంటారు. "నేను ఆటోల్లోనే తిరుగుతానండీ. మా ఆవిడ మాట విని వచ్చాను. బుద్ధొచ్చింది."

టీచరమ్మ వినడం లేదు.

ముందున్న ట్రేలో ఏదో దొర్లుతోంది. టంగ్… టంగ్… టంగ్…

పొద్దున దొరికిన ఇనుప ముక్క!

* * *

పొద్దున స్కూలు గ్రౌండు ఊడుస్తుంటే కనిపించింది అది. తన కారు కింద. సరిగ్గా పక్క సీటు కింద.

వేలెడంత పొడుగు. ఒక కొసన బిళ్ళలాంటి తల. రెండో కొసన చిన్న చిల్లు. మరలు లేవు. నున్నగా ఉంది.

కారు కింద ముక్క దొరికితే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. మనదేనా? ఎక్కడిది? ఇది లేకుండా ఇంకెంత దూరం పోతుంది?

ముందు బావగారికి చూపించింది. తన భర్తకి అన్నయ్య. ఈ స్కూలు పెట్టిన మనిషి. నవ్వితే పళ్ళు అరిగిపోతాయన్నట్టు ఉంటాడు.

"గేటుదేమో చూడు. బందు ఊడిందేమో," అన్నాడు కళ్ళజోడు సవరించుకుంటూ.

గేటు బందులు బాగానే ఉన్నాయి.

చంటికి చూపించింది. చంటి తన తమ్ముడు. ముప్పై దాటినా ఇంకా చంటే. అమ్మ పోయాక గోరుముద్దలు తినిపించి పెంచింది. ఈ స్కూల్లో ఉద్యోగం ఇప్పించింది కూడా తనే.

"ఏ లారీదో అయ్యుంటుందక్కా. పారెయ్," అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

మనసొప్పలేదు. స్పేర్ పార్టుల కొట్టుకి పట్టుకెళ్ళింది. కొట్టతను దాన్ని వెలుతురులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గీరి చూశాడు. కాస్త ఉంటే కొరికి చూసేవాడే.

"ట్రాలీదైతే ఇంకా లావుండాలి మేడమ్. కుట్టుమిషనుదైతే ఇంకా సన్నగా ఉండాలి. మీ కారుది మాత్రం కాదు. మీ కారు మోడల్లో ప్రతి మేకూ నాకు తెలుసు. అసలు ఏ కారులోనూ ఇలాంటిది ఉండదు. నిశ్చింతగా పోండి."

నిశ్చింతగా వచ్చింది. ట్రేలో పడేసింది. సాయంత్రం డాక్టర్ గారి క్లాసు. ఎక్కగానే అలవాటు ప్రకారం పెడల్ తొక్కి చూసుకుంది. దిగింది, స్ప్రింగు మీద లేచింది. బాగానే ఉందనుకుంది.

ఏ కారులోనూ ఉండదు…

ఏ కారులోనూ ఉండదు. కానీ ఇది మామూలు కారు కాదు కదా!

* * *

డాక్టర్ గారిని క్లినిక్ దగ్గర దింపేసింది. తనే నడుపుకుంటూ వచ్చి, జనం లేని చోట, దీపస్తంభం కింద కారు ఆపింది.

పక్క సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఫోన్ టార్చి వేస్తుంది. మ్యాటు తీస్తుంది.

మ్యాటు కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి రోడ్డు కనిపిస్తోంది. బాగు చేయిద్దాం, చేయిద్దాం అంటూనే తన భర్త వెళ్ళిపోయాడు. పొద్దున ముక్క ఎలా కిందికి జారిందో అర్థమైంది.

పెడల్ వెనక ప్లాస్టిక్ మూత. దాన్ని ఏనాడూ ఎవరూ తియ్యలేదు. గోళ్ళతో పీకుతుంది.

లోపల ఒక కడ్డీ. తన పెడల్‌నీ, అవతలి పెడల్‌నీ కలిపే కడ్డీ అది. తన వైపు కొస ఊరికే వేలాడుతోంది. కొసన ఖాళీ రంధ్రం.

ముక్కని ఆ రంధ్రంలో పెడుతుంది.

కొలిచి కుట్టిన జాకెట్టులా పట్టేసింది!

కానీ వదిలితే మళ్ళీ జారిపోతోంది. కొసన ఆ చిన్న చిల్లు ఎందుకుంది? దాంట్లో ఏదో దూరాలి. జారకుండా పట్టి ఉంచేది ఏదో…

టార్చి అవతలి కొసకి తిప్పుతుంది. అక్కడ ఇలాంటి పిన్నే ఇంకొకటి ఉంది. దాని చిల్లులో…

చెయ్యి ఆగిపోతుంది.

ఒక కాలు నిటారుగా… ఒక కాలు వంకర్లు తిరిగి…

జడపిన్ను!

కాదు. జడపిన్నులాంటి క్లిప్పు. గట్టి ఉక్కు తీగ.

"దేవుడా…"

హ్యాండ్‌బ్యాగ్ లాక్కుంటుంది. లోపలి జిప్పు తెరుస్తుంది. ఆ జిప్పులో ఒకే ఒక్క వస్తువు. నాలుగు నెలలుగా దాచుకుని, రోజూ చూసుకుని, రోజూ తనని కుళ్ళబెట్టిన వస్తువు.

కారు గుద్దుకుని ఆయన పోయినప్పుడు పోలీసులు ఒక కవరు ఇచ్చారు. వాచీ, పర్సు, పగిలిన కళ్ళజోడు. వాటితో పాటు ఒక జడపిన్ను. కారులో ఆయన కాళ్ళ దగ్గర దొరికిందట.

తనకి పొట్టి జుట్టు. ఏనాడూ జడపిన్ను పెట్టింది లేదు.

ఆ రోజు కారు నడిపింది నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, బారెడు జడ. ఆ జడపిన్ను ఆయన కాళ్ళ దగ్గరికి ఎలా వచ్చింది? అంతే! అడగడానికి ఆయన లేడు. ఏడవడానికి మనసు రాలేదు. ఆయన ఫొటోని గోడ వైపు తిప్పి పెట్టింది. స్టేషన్లో ఆ పిల్ల ఎదురుపడితే మొహం మీద ఉమ్మినంత పని చేసింది.

ఆ పిల్ల ఒకే మాట అంది, ఏడుస్తూ. "సార్ బ్రేక్ తొక్కారాంటీ. ధన్ ధన్‌మని తొక్కారు. కారు ఆగలేదు."

ఎవరు నమ్మారు? ఎవరూ నమ్మలేదు. తానూ నమ్మలేదు.

ఇప్పుడు బ్యాగులోని ఆ జడపిన్నుని ముక్క చిల్లులో దూరుస్తుంది.

టిక్!

పట్టేసింది. పెడల్‌ని చేత్తో నొక్కుతుంది. అవతలి పెడల్ కూడా కిందికి దిగుతుంది.

రోడ్డు పక్కన కారు తలుపు పట్టుకుని టీచరమ్మ ఏడుస్తుంది. వెక్కి వెక్కి ఏడుస్తుంది. చచ్చిపోయిన మనిషి మీద నింద వేసింది. ఏ పాపం తెలియని పిల్లని నానా మాటలూ అంది.

రేపు పొద్దున కోర్టు. తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఎవరో చెప్పారట. ఆ పిల్ల ఒప్పేసుకోబోతోంది!

కళ్ళు తుడుచుకుంటుంది.

అవతలి కొసనున్న క్లిప్పుని వేళ్ళతో లాగి చూస్తుంది. రాదు. గోరు విరుగుతుంది. అయినా రాదు.

అంటే ఇది తనంతట తాను ఊడేది కాదు.

ఎవరో లాగారు. ఆయన కారులో లాగారు. ఇప్పుడు తన కారులో లాగారు.

ఎవరు?

* * *

స్కూలు గేటు తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి. ఒకటి తన దగ్గర. ఇంకోటి చంటి దగ్గర. మూడోది బావగారి దగ్గర.

కారు నడుపుతూ పళ్ళు కొరుకుతుంది.

ఆయన పోయే ముందు రాత్రి అన్నదమ్ములిద్దరూ గది తలుపేసుకుని పోట్లాడుకున్నారు. గోడవతల నుంచి వినిపించింది.

"పొద్దున్నే స్టేషనుకి పోయి చెప్పేస్తా అన్నయ్యా. ఇంక నావల్ల కాదు."

"చెప్తే స్కూలు మూసుకోవాల్సిందే. నోరు మూసుకుని పడుకో!"

ఏమైందని అడిగితే ఆయన నవ్వాడు. "తీరిగ్గా చెప్తాలే," అన్నాడు. ఆ తీరిక రాలేదు.

మొన్న భోజనాల దగ్గర తనే మాట ఎత్తింది. "ఆ పిల్ల మాట ఒకటి నన్ను తొలుస్తోంది. కారు ఇంకా స్టేషను వెనకే పడుంది కదా. ఎవరిచేతనైనా చూపించమని అడుగుతా."

బావగారు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "చచ్చినవాడు తిరిగొస్తాడా? వదిలెయ్యి!"

చంటి మాత్రం చెయ్యి పట్టుకున్నాడు. "నేను తోడొస్తాలే అక్కా. నువ్వు ముందు తిను."

ఇంకేం కావాలి? అంతా కళ్ళకి కట్టినట్టు ఉంది!

కానీ బావగారిని అడిగితే ఒప్పుకుంటాడా? "పిచ్చెక్కిందా నీకు?" అంటాడు. అదే గొంతుతో, అదే మొహంతో.

అడగకూడదు. కాలుని అడగాలి!

డ్రైవింగ్ నేర్పేవాడి కాలు సంగతి ఆమెకి తెలుసు. తన భర్త కాలు బస్సులో కూర్చున్నా తొక్కేది. సినిమాహాల్లో తెర మీద కారు స్పీడందుకుంటే ముందు సీటువాడికి తన్ను పడేది. నిద్రలో తనకీ పడేది, పిక్క మీద. ఏళ్ళ తరబడి నేర్పినవాడి కాలు మెదడుకి చెప్పి దిగదు. గోడ కనిపిస్తే దిగిపోతుంది, అంతే.

ఆ బ్రేకు పని చెయ్యదని తెలిసినవాడి కాలు మాత్రం దిగదు.

తెలిసినవాడు ఇంకేదో పట్టుకుంటాడు.

* * *

గ్రౌండులో ఒకే దీపం వెలుగుతోంది. ఆ చివర ఇటుక గోడ.

కారు గేటు దాటి రాగానే చంటి ఆఫీసు గదిలోంచి బయటికొస్తాడు. ఒక్క క్షణం అలాగే నిలబడిపోతాడు.

"అక్కా… వచ్చేశావా?"

"రాక ఎక్కడికి పోతాన్రా?"

"వాన కదా… అందుకని."

బావగారు తాళాలు వేస్తున్నాడు. టీచరమ్మ గొంతు సవరించుకుంటుంది.

"బావగారూ, కారు ఒక పక్కకి లాగుతోందని డాక్టర్ గారు సణుగుతున్నారు. ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. నేను నడుపుతా."

"రేపు చూద్దాంలే."

"రేపు పొద్దున్నే క్లాసుందండీ."

బావగారు విసుక్కుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. బెల్టు పెట్టుకుంటాడు. ఆయన పెట్టిన స్కూల్లో మొదటి పాఠం బెల్టే.

ఈయన కూర్చున్నాడు! పని చెయ్యదనుకుంటున్న బ్రేకు ముందు ఎంత నిబ్బరంగా కూర్చున్నాడో చూడు!

"చంటీ, నువ్వూ ఎక్కరా. అటు నుంచి అటే ఇంటికి పోదాం."

చంటి వెనక సీట్లో వాలి, ఫోన్ తీస్తాడు.

మొదటి గేరు. రెండో గేరు.

"ఎటూ లాగడం లేదే," అంటాడు బావగారు.

"స్పీడులో లాగుతోందట."

మూడో గేరు!

ఇంజను రొద చేస్తుంది. గోడ దగ్గరవుతోంది. దీపం వెనక్కి పోయింది. హెడ్‌లైట్ల వెలుతురులో ఇటుకలు ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి…

"ఏమ్మా… ఏమ్మా, స్లో చెయ్యి!"

చెయ్యదు. యాక్సిలరేటరు తొక్కి పట్టింది. ఎడమ కంట ఆయన కాళ్ళనే చూస్తోంది. ఆయన చెయ్యి హ్యాండ్ బ్రేక్ వైపు కదలగానే పట్టుకోవాలి. ఈ నిమిషం కోసమే…

"గోడ! గోడమ్మా!"

ధన్!!

బావగారి కాలు దిగుతుంది!

రెండు కాళ్ళూ దిగుతాయి! పెడల్ మీద నిలబడిపోయాడు మనిషి!

అదే క్షణంలో వెనక నుంచి కేక.

"అది పట్టదు బావా! హ్యాండ్ బ్రేక్! హ్యాండ్ బ్రేక్ లాగు!"

రెండు సీట్ల మధ్య నుంచి ఒక చెయ్యి దూసుకొచ్చి హ్యాండ్ బ్రేక్ పట్టుకుంటుంది.

కారు కుదుపుతో ఆగుతుంది. ఇంజను గుక్క పట్టి ఆగిపోతుంది.

అద్దం మీద తుంపర చప్పుడు మాత్రమే.

టీచరమ్మ ఆ చేతిని చూస్తుంది. బొటనవేలి మీద మచ్చ. చిన్నప్పుడు పొయ్యి ముట్టుకుంటే తనే తడిగుడ్డ చుట్టి, రాత్రంతా ఊదుతూ కూర్చుంది.

"పట్టింది కదరా," అంటుంది మెల్లగా.

చంటి హ్యాండ్ బ్రేక్ మీద నుంచి చెయ్యి తియ్యడు.

"బ్రేకు పట్టింది కదా చంటీ. పట్టదని నీకెవరు చెప్పారు?"

"నేను… ఊరికే… భయమేసి…"

"నేను ఎవరికీ చెప్పలేదు. బావగారికి చెప్పలేదు. డాక్టర్ గారికి కూడా చెప్పలేదు. సాయంత్రం ఆ బ్రేకు పట్టలేదని నాకొక్కదానికే తెలుసు. నాకూ… దాన్ని పీకినవాడికీ."

చెయ్యి వెనక్కి పోతుంది. టక్… టక్… వెనక తలుపు పిడి. తెరుచుకోదు. రెండో తలుపు. అదీ తెరుచుకోదు. నేర్చుకునేవాళ్ళ పిల్లలు ఎక్కితే లోపల నుంచి తెరవకుండా ఆయనే పెట్టించిన లాకు అది.

"ఏం జరుగుతోందమ్మా?" బావగారి గొంతు పీలగా ఉంది. కాళ్ళు ఇంకా పెడల్ మీదే ఉన్నాయి.

"ఆ రాత్రి మీ తమ్ముడు పోలీసులకి చెప్తానన్నది ఎవరి గురించి బావగారూ?"

బావగారు తల దించుకుంటాడు.

"చెప్పండి!"

"వీడి గురించేనమ్మా. లైసెన్సు పరీక్షలకి మనుషుల్ని మార్చి పంపేవాడు. స్టీరింగు పట్టుకోవడం రానివాళ్ళకి కూడా లైసెన్సులు ఇప్పించాడు. అందులో ఒకడు బడి పిల్లవాడి మీదికి కారు ఎక్కించేశాడు. నీకు చెప్తే గుండె పగులుతుందని మీ ఆయన నాచేత ఒట్టు వేయించాడు. వాడిని పెంచింది నువ్వు కదా."

టీచరమ్మకి నవ్వొస్తుంది. అది నవ్వు కాదు.

గుండె పగులుతుందట! పగలకుండా దాచి, దాచి, తనే పోయాడు. మంచి మనిషి. ఆ మంచితనాన్ని తాను గోడ వైపు తిప్పి పెట్టింది.

ఇంజను స్టార్ట్ చేస్తుంది. రివర్సు. గేటు దాటుతుంది.

"అక్కా, ఎక్కడికి?"

"స్టేషనుకి. ఆ కారుని చూపిస్తాం. పొద్దున్నే ఆ పిల్ల తప్పు ఒప్పుకోకముందే."

"అక్కా, విను! బావని చంపాలనుకోలేదక్కా! నీ మీద ఒట్టు! నా కారు పెడల్ వదులైతే షెడ్డులో బిగిస్తుంటే చూశాను, క్లిప్పు తీస్తే పిన్ను జారుతుందని. ఏదో చిన్నది గుద్దుకుంటాడు, కాలో చెయ్యో విరుగుతుంది, కొన్నాళ్ళు మంచం మీద ఉంటాడు, ఈలోగా నేనే బతిమాలుకుందామని… అంతే అక్కా! ఎదురుగా ట్యాంకరు వస్తుందని నాకేం తెలుసు?"

ఏడుస్తున్నాడు. చిన్నప్పటి ఏడుపే. ముక్కు ఎగబీల్చుకుంటూ. ఆ ఏడుపు వింటే ఎంత పనిలో ఉన్నా పరుగెత్తుకొచ్చేది ఒకప్పుడు.

ఇప్పటికీ చేతులు స్టీరింగు మీద వదులవుతున్నాయి. పాడు ప్రాణం!

దూరంగా స్టేషను దీపాలు.

"సరేరా," అంటుంది. "మీ బావకి కాలు విరిగితే చాలనుకున్నావు. నమ్ముతాను."

"అక్కా…"

"మరి నాకో? నాకూ కాలే విరగాలనుకున్నావా?"

ఏడుపు ఆగిపోతుంది.

అద్దంలో చూస్తుంది. అద్దంలో తన తమ్ముడు తననే చూస్తున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"లేదక్కా."

వెనక నుంచి చెయ్యి ఆమె మెడ చుట్టూ పడుతుంది!

ఎత్తుకోమని చిన్నప్పుడు చుట్టేసిన చెయ్యే. బిగుస్తుంది… ఇంకా బిగుస్తుంది…

"వదలరా! వదులు!" బావగారు ఆ చెయ్యిని లాగుతున్నాడు. రావడం లేదు. ముసలి చేతులు.

ఊపిరి లేదు. రోడ్డు రెండుగా కనిపిస్తోంది. కాలు యాక్సిలరేటరు మీద కొయ్యబారిపోయింది. స్టేషను గేటు… ఇనుప గేటు… మీదికొచ్చేస్తోంది!

బావగారూ… కాలు…

చెప్పక్కర్లేదు. ఆ కాలుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ధన్!!!

బ్రేకు పడుతుంది!

టైర్లు అరుస్తాయి. టీచరమ్మ బెల్టు ఆమెని సీటుకి వేసి కొడుతుంది. బావగారిని ఆయన బెల్టు పట్టుకుంటుంది.

వెనక సీట్లోవాడికి బెల్టు లేదు!

రెండు సీట్ల మధ్య నుంచి మనిషంత మనిషి ముందుకి ఎగిరొస్తాడు. ముందు అద్దానికి తల తగులుతుంది. అద్దం నెర్రెలు విచ్చుతుంది. చెయ్యి మెడ మీద నుంచి జారిపోతుంది.

కారు ఆగింది. గేటుకి ఇవతలే.

టీచరమ్మ దగ్గుతుంది. గాలి పీల్చుకుంటుంది. ఒడిలో తమ్ముడి తల. రక్తం. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి ఉంది. ఎందుకు చూశానా అని తన మీద తనకే కోపమొస్తుంది. తల మీది నుంచి చెయ్యి మాత్రం తియ్యలేకపోతుంది.

గేటు లోపల నుంచి కానిస్టేబుల్ టార్చి పట్టుకుని పరుగెత్తుకొస్తాడు.

"ఏమైందమ్మా? బ్రేకు ఫెయిలా?"

ఆమె తల అడ్డంగా ఊపుతుంది. బావగారి కాళ్ళ దగ్గరికి వంగుతుంది. పెడల్ వెనక చెయ్యి పెట్టి, గోరు విరుగుతున్నా వదలకుండా, ఆ ఉక్కు తీగని బయటికి లాగుతుంది. ఇనుప ముక్క టంగుమని ఊడి పడుతుంది.

"ఈ రెండూ జాగ్రత్తగా పెట్టండి. ఇలాంటి ముక్కే ఒకటి మా ఆయన కారులో లేదు. ఆ కారు మీ స్టేషను వెనకే ఉంది. పదండి, చూపిస్తా. రేపు కోర్టులో నిలబడాల్సింది ఆ పిల్ల కాదు."

కానిస్టేబుల్ అరచేతిలో టార్చి వేసి చూస్తాడు. ఇనుప ముక్కని అటూ ఇటూ దొర్లిస్తాడు. తర్వాత ఆ తీగని రెండు వేళ్ళతో పైకి ఎత్తుతాడు. ఒక కాలు నిటారు, ఒక కాలు వంకర.

"ఇదేంటమ్మా?" అంటాడు తేలిగ్గా. "ఎవరిదో జడపిన్నులా ఉందే!"

టీచరమ్మ ఆ తీగనే చూస్తుంది.

"నేనూ అదే అనుకున్నానండీ," అంటుంది. "నాలుగు నెలలు."